ఎర్రమట్టి దారిలో పిల్లాపాపలతో: మీ ప్రశ్నలు, నా జవాబులు

గత నెల ఇదే పేజీలో, ఆస్ట్రేలియా ఔట్‌బ్యాక్‌లో, అంటే జనం పలచగా ఉండే మారుమూల లోపలి ప్రాంతంలో, ఫోర్ వీల్ డ్రైవ్ బండి మీద ఇంటిల్లిపాదీ వారం రోజులు తిరిగొచ్చిన సంగతి రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులు. మేం అడిలైడ్‌లో ఉంటాం. నేనూ మావారూ వంతులేసుకుని బండి నడుపుతాం. పదకొండేళ్ళలో ఆరుసార్లు, దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలో సాగే ఊడ్నడట్టా ట్రాక్ అనే మట్టిదారి ఎక్కాం కాబట్టి, తెలిసిన ఆ దారి గురించే చెబుతాను.

ప్రశ్న: మాది మెల్‌బోర్న్. జులై స్కూల్ సెలవుల్లో ఊడ్నడట్టా ట్రాక్ మీద క్యాంపింగ్‌కి వెళ్దామని మావారు పట్టుబట్టారు. పాపకు పదేళ్ళు, బాబుకు ఆరేళ్ళు. మాది ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. ఏ కారైనా వెళ్తుందని ఒకరంటారు, లక్ష డాలర్ల బండి ఉండాలని ఇంకొకరంటారు. నాకు నిద్ర పట్టడం లేదు. వెళ్ళొచ్చా?
- ఒక పాఠకురాలు, మెల్‌బోర్న్

జవాబు: వెళ్ళొచ్చమ్మా. జులై అయితే మరీ మంచిది. అక్కడ చలికాలమే సీజన్. ఊడ్నడట్టాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీల ఎండ నమోదైంది. వేసవిలో పిల్లలతో అటువైపు కన్నెత్తి కూడా చూడొద్దు. జులైలో పగలు స్వెట్టర్ తీసేసి తిరగొచ్చు, రాత్రి మాత్రం వణికిస్తుంది. బాబు స్లీపింగ్ బ్యాగ్ కింద ఒక ఉన్ని దుప్పటి పరచండి. పైన ఎన్ని కప్పినా నేలలోంచి వచ్చే చలి ఆగదు.

మరీ అనే చిన్న ఊళ్ళో మొదలై మార్లా దగ్గర ముగిసే ఈ దారి దాదాపు 620 కిలోమీటర్లు. మధ్యలో ఊళ్ళంటే రెండే, విలియం క్రీక్, ఊడ్నడట్టా. ఒకదానికీ ఇంకోదానికీ సుమారు 200 కిలోమీటర్లు. డీజిల్, పెట్రోల్ అక్కడే. ట్యాంకులో ఎంత ఉన్నా సరే, రెండు చోట్లా నింపుకునే కదలండి.

మీ బండి సంగతి. దారి ఎండి ఉంటే, నేలకు కాస్త ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ నింపాదిగా వెళ్తుంది. ఎక్కువ భాగం గట్టిపడిన మట్టి, గులకరాళ్ళు. కానీ మీ బండికి లో రేంజ్ గేర్, అంటే మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేర్, ఉండదు కాబట్టి, కాటి తాండా-లేక్ ఐర్ సరస్సు ఒడ్డు వైపు చీలే ఇసుకదారుల జోలికి పోవద్దు. సరస్సు చూడాలనుంటే విలియం క్రీక్ నుంచి చిన్న విమానాలు తిప్పి చూపిస్తాయి, పిల్లలకు అది జన్మంతా గుర్తుంటుంది. అద్దె బండి అయితే మట్టిరోడ్ల మీద ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో కాగితం మీద చూసుకోండి, చాలావాటికి వర్తించదు.

వాన పడితే మాత్రం లక్ష డాలర్ల బండైనా ఒకటే. ఆ మట్టి తడిస్తే జిగురైపోయి చక్రాలకు అట్టలు కడుతుంది. ప్రభుత్వం దారి మూసేస్తుంది. మూసిన దారి మీద నడిపితే జరిమానా గట్టిగా ఉంటుంది. జరిమానా మాట అటుంచండి, తడిమట్టిలో మీరు వేసిన గాడి ఎండాక రాయిలా గట్టిపడి, వెనకొచ్చేవాళ్ళ బండ్లను విరగ్గొడుతుంది. బయల్దేరే ముందు, ప్రతి ఊళ్ళోనూ, రోడ్ల పరిస్థితి చెప్పే ప్రభుత్వ పేజీ చూడండి. పెట్రోల్ పోసేవాళ్ళనూ అడగండి, అటునుంచి వచ్చినవాళ్ళ కబురు వాళ్ళకే ముందు తెలుస్తుంది.

ఐదేళ్ళ కిందట మేమలాగే ఊడ్నడట్టాలో రెండు రోజులు ఆగిపోయాం. అక్కడో గులాబీ రంగు రోడ్‌హౌస్, అంటే పెట్రోల్, తిండి దొరికే దారిపక్క మజిలీ, ఉంది, దాని పక్కనే డేరా. మావారికి సోమవారం ఆఫీసు. మాతోపాటే ఆగిన ఒక కుటుంబం "మెల్లగా వెళ్ళిపోవచ్చులే" అని బయల్దేరబోతుంటే మావారికీ మనసు లాగింది. నేను తాళం ఇవ్వలేదు. ఆ కుటుంబాన్ని మర్నాడు ట్రాక్టర్‌తో లాక్కొచ్చారు. అందుకే మీకు నా మొదటి సలహా: సెలవులో రెండు రోజులు దేనికీ కేటాయించకుండా చేతిలో ఉంచుకోండి. ఆ దారిలో నేను చూసిన ఇబ్బందులన్నిటికీ మూలం తొందరే. చీకటి పడుతున్నా ఇంకో యాభై కిలోమీటర్లు లాగేద్దామనుకోవడం, దుమ్ములో ముందు బండిని దాటేయాలనుకోవడం, బోర్డు చూసి కూడా పోనివ్వడం.

ఇక టైర్లు. మీవారు ఏం కొన్నా కొనకపోయినా, గాలి చూసే గేజీ, కారు బ్యాటరీతో నడిచే కంప్రెసర్ మాత్రం కొనాలి. తారురోడ్డు మీద 38 పి.ఎస్.ఐ. ఉండే గాలిని మట్టిరోడ్డు మొదట్లోనే 28 దగ్గరికి తగ్గించాలి. గాలి తగ్గితే టైరు మెత్తబడి, వాడిరాయి మీద పడినప్పుడు దాన్ని మింగినట్టు ఒదిగిపోతుంది. బిగుతుగా ఉంటే రాయి దిగబడుతుంది. మా మొదటి ట్రిప్పులో ఇది తెలియదు. విలియం క్రీక్ ఇంకా డెబ్భై కిలోమీటర్లుందనగా వెనక కుడి టైరు పక్కగోడ కత్తితో కోసినట్టు చీలింది. స్టెప్నీ వేశాం. గంట తిరక్కుండా ముందుది పోయింది. రెండో స్టెప్నీ లేదు. పిల్లలిద్దరూ నోరెత్తకుండా నా ముఖం వైపే చూస్తున్నారు. పశువుల స్టేషన్‌లో, అంటే పశువులు పెంచే పెద్ద క్షేత్రంలో, పనిచేసే ఒక పెద్దాయన అటుగా వస్తూ ఆగి, ముందు మా నీళ్ళ క్యాన్లు చూసి, తర్వాత టైరు చూశాడు. ఆ వరుస నేను మర్చిపోలేను.

ఇప్పుడు మరీ ఊరు దాటగానే బండి పక్కకు తీస్తాం. గాలి తీసే పని మా పెద్దాడిది. వాల్వు మూతలు నాలుగూ జేబులో వేసుకుని, ఒక్కో చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, పుల్లతో నొక్కి, శ్‌ష్ మని గాలి పోతుంటే ముప్పై దాకా లెక్కపెట్టి గేజీ పెడతాడు. నాలుగు చక్రాలకూ పావుగంట. ఆ పావుగంట మాకు ఎంతో మిగిల్చింది. మీ డిక్కీలో ఉన్న స్టెప్నీ కూడా ఒకసారి తీసి చూడండి. చాలా ఎస్‌యూవీల్లో సన్నటి తాత్కాలిక చక్రం ఇస్తారు, అది ఆ రాళ్ళ మీద పనికిరాదు. పూర్తి సైజు చక్రం కొని పెట్టుకోండి, వీలైతే రెండు.

స్పీడు 80 దాటొద్దు. ఎదురుగా బండి వస్తే 40కి తగ్గించి ఎడమకు జరగండి, రాళ్ళు ఎగిరి అద్దానికి తగులుతాయి. రోడ్ ట్రెయిన్, అంటే వరుసగా ట్రెయిలర్లు తగిలించుకున్న లారీ, వస్తే పూర్తిగా పక్కకు తీసి ఆపేయండి. యాభై మీటర్లకు పైగా పొడవుంటుంది, అది పోయాక దుమ్ము సర్దుకోవడానికే నిమిషం పైన పడుతుంది. సాయంత్రం నాలుగింటికల్లా డేరా వేసెయ్యండి. పొద్దువాలాక కంగారూలు, ఆవులు దారి మీదికి వస్తాయి, చాలాచోట్ల కంచె ఉండదు.

ప్రశ్న: ఫోన్ సిగ్నల్ లేని చోట బండి కూరుకుపోతే ఏం చేయాలి? దగ్గరి ఊరికి నడిచి వెళ్ళడమేనా?
- ఒక పాఠకుడు, సిడ్నీ

జవాబు: నడవొద్దు. బండిని వదలొద్దు. ఈ ఉత్తరాలన్నిటిలో ఒక్క జవాబే రాయాల్సి వస్తే ఇదే రాసేదాన్ని.

1998 డిసెంబర్‌లో ఆస్ట్రియా నుంచి వచ్చిన ఒక జంట బండి లేక్ ఐర్ ఒడ్డున హాలిగన్ బే దగ్గర ఇసుకలో కూరుకుపోయింది. వాళ్ళ దగ్గర నీళ్ళున్నాయి. బండి ఆగిన చోట వాననీళ్ళ ట్యాంకు కూడా ఉంది. కొన్నాళ్ళు ఎదురుచూసి, ఎవరూ రాకపోయేసరికి, విలియం క్రీక్ వైపు నడక మొదలుపెట్టారు. అతను వెనక్కి వచ్చేసి బండి దగ్గరే ఉండి బతికాడు. ఆమె ముందుకే వెళ్ళింది, ఎండకు తాళలేక దారిలోనే ప్రాణం పోయింది. ఆ దారి పక్కన ఆమె గుర్తుగా ఒక చిహ్నం ఉంది. మేం ఒకసారి అక్కడ ఆగాం. నాకు నోట మాట రాలేదు. ఆ బండి టైర్లలో గాలి తగ్గించి చూసి ఉంటే కథ వేరేగా ఉండేది.

విమానంలోంచి వెతికేవాళ్ళకు మనిషి కనిపించడు, బండి కనిపిస్తుంది. దానికి నీడ ఉంది, అద్దాలు మెరుస్తాయి, నీళ్ళు అందులోనే ఉన్నాయి. కాబట్టి కూరుకుపోతే ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయండి, తిప్పేకొద్దీ ఇంకా దిగుతుంది. పిల్లల్ని దింపి నీడలో కూర్చోబెట్టండి. టైర్లలో గాలి 18కి తగ్గించండి. పారతో చక్రాల ముందు ఇసుక తీసి, చక్రాలకు పట్టు దొరికేలా కింద పెట్టే రికవరీ బోర్డులు దోపి, నెమ్మదిగా కదలండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు మాకు ఇంతే సరిపోయింది. వేరే బండి వచ్చి లాగాల్సొస్తే, లాగే పట్టీని టో బాల్‌కి, అంటే ట్రెయిలర్ తగిలించే ఇనుప గుండుకి, మాత్రం తగిలించొద్దు. అది విరిగి తుపాకీ గుండులా వస్తుంది, ఈ దేశంలో దానివల్ల మనుషులు చనిపోయారు. లాగడానికని తయారుచేసిన కొక్కేలు బండికి వేరే ఉంటాయి, ఇంట్లోనే వెతికి పెట్టుకోండి. లాగుతున్నప్పుడు పిల్లలు చాలా దూరంగా, పక్కకు ఉండాలి.

కబురు పంపడానికి పి.ఎల్.బి. అనే చిన్న పరికరం కొనండి. అరచేతిలో పడుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మూత తీసి నొక్కితే ఉపగ్రహం ద్వారా మీరెక్కడున్నారో సహాయక దళాలకు తెలుస్తుంది. సముద్ర భద్రతా సంస్థ ఆమ్సా దగ్గర దాన్ని ఉచితంగా మీ పేరున నమోదు చేయించాలి. బండి నుంచి బండికి మాట్లాడుకునే యు.హెచ్.ఎఫ్. రేడియో కూడా పెట్టించుకోండి. హైవే మీద లారీవాళ్ళు 40వ ఛానెల్లో మాట్లాడుకుంటారు. కొత్త ఫోన్లలో ఉపగ్రహ సౌకర్యం వచ్చింది, మంచిదే, కానీ ఫోను కింద పడితే పగులుతుంది, ఛార్జింగ్ అయిపోతుంది. దాన్నొక్కదాన్నే నమ్ముకుని నా పిల్లల్ని నేను తీసుకెళ్ళను.

ఖర్చు లేని ఇంకో పని ఉంది. ఏ రోజు ఎక్కడుంటారో కాగితం మీద రాసి ఊళ్ళో ఒకరి చేతికి ఇచ్చి, "ఈ రోజు రాత్రి ఎనిమిదికి నా ఫోన్ రాకపోతే పోలీసులకు చెప్పు" అని గట్టిగా చెప్పి వెళ్ళండి. మాకు ఆ మనిషి మా పక్కింటావిడ. ఒకసారి నేను ఫోన్ చేయడం మర్చిపోతే తొమ్మిదిన్నర దాకా ఆవిడ పడ్డ వేదన తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. చేరగానే ఫోన్ చేయడం మీ బాధ్యత.

పిల్లల మెడలో ఒక్కో విజిల్ వేయండి. "బండి కనపడకపోతే అక్కడే ఆగిపో, చెట్టు ఉంటే చెట్టు దగ్గర కూర్చో, విజిల్ ఊదు" అని ఇంట్లోనే ఆటలా నేర్పించండి.

ప్రశ్న: మా ఇంట్లో అన్నం, పెరుగు లేకపోతే ముద్ద దిగదు. వారం రోజులకు నీళ్ళు ఎన్ని తీసుకెళ్ళాలి? వంట ఎలా?
- ఒక పాఠకురాలు, బ్రిస్బేన్

జవాబు: ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. నీళ్ళు మనిషికి రోజుకు పది లీటర్ల లెక్కన పెట్టుకుంటాం. అందులో తాగడానికి ఐదారు, మిగతావి వంటకూ, ముఖం కడుక్కోవడానికీ. ఒకే పెద్ద ట్యాంకులో పోయొద్దు, రాయి తగిలి పగిలితే అన్నీ పోతాయి. పది లీటర్ల క్యాన్లు వేర్వేరు చోట్ల సర్దండి. వారానికి సరిపడా ఒకేసారి మోయక్కర్లేదు, ఊళ్ళలో అడిగి నింపుకోవచ్చు. చేతిలో మూడు రోజుల నీళ్ళు ఎప్పుడూ తగ్గకుండా చూసుకోండి.

బియ్యం ఇంట్లోనే కడిగి, బట్ట మీద ఆరబోసి, పూటకు ఒక సంచీ చొప్పున కట్టండి. అక్కడ కడిగే నీళ్ళు మిగులుతాయి. కుక్కర్లో అత్తెసరు పెట్టండి, గంజి వార్చే అన్నం ఆ నేల మీద కుదరదు. చింతపండు గుజ్జు పులిహోరకు తగ్గట్టు ముందే ఉడికించి సీసాలో పోసుకుంటే, వాన వచ్చి డేరాలో ఇరుక్కున్న పూట ప్రాణం లేచొస్తుంది. కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి, ఉప్మా రవ్వ. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, తర్వాత స్ప్రే సీసాతో నాలుగు చుక్కలు కొట్టి తోమితే నలుగురి పళ్ళాలకూ ఒక గ్లాసు నీళ్ళు చాలు.

పెరుగు రాత్రి చలికి తోడుకోదు. నేను ఫ్రిజ్ లేకుండా నిలవుండే డబ్బా పాలు గోరువెచ్చగా కాచి, తోడు కాస్త ఎక్కువ వేసి, మూత బిగించి, మావారి పాత మఫ్లర్‌లో చుట్టి, ఒక వేడినీళ్ళ సీసాతో కలిపి ఐస్ లేని ఐస్‌బాక్స్‌లో పెట్టేస్తాను. తెల్లారి మూత తీస్తే గట్టిగా తోడుకుని ఉంటుంది. గడ్డకట్టే చలిలో ఆ పెరుగన్నం తింటూ పిల్లలు మాట్లాడరు.

ఒక జాగ్రత్త. దక్షిణ ఆస్ట్రేలియాలోకి పళ్ళు, కూరగాయలు తీసుకురావడానికి ఆంక్షలున్నాయి, పండు ఈగ రాకుండా. మిల్డూరా మీదుగా వచ్చేవాళ్ళను యాంబా దగ్గర, బ్రోకెన్ హిల్ మీదుగా వచ్చేవాళ్ళను ఊడ్లా విర్రా దగ్గర ఆపి చూస్తారు. పచ్చిమిరపకాయలు, టమాటాలు అక్కడ పారేయాల్సొస్తుంది. కూరలు పోర్ట్ అగస్టాలో కొనుక్కోండి. కట్టెలపొయ్యి మీద వండాలని ఎవరికైనా ఉంటుంది, కానీ జాతీయ పార్కుల్లో పుల్లలు ఏరడం నిషిద్ధం. అక్కడ చెట్టు ఎదగడమే కష్టం, ఎండిన మోడులో బల్లులు, పిట్టలు కాపురముంటాయి. గ్యాస్ స్టవ్ తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా అబ్బాయి అడిలైడ్‌లో ఉద్యోగం. జూన్‌లో మేం వస్తే ఈ దారిలో తిప్పుతానంటున్నాడు. నాకు 68, మా ఆవిడకు 63. నాకు షుగరు, తనకు మోకాళ్ళ నొప్పులు. పిల్లలకు భారమవుతామేమో. అంత ఎడారిలో మాలాంటివాళ్ళు చూసేదేముంది?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అయ్యా, భారం అనే మాట తీసేయండి. మీ డాక్టరు సరేనంటే తప్పకుండా రండి. మందులు రెండు వారాలవి ఎక్కువ తెచ్చుకోండి. ఇన్సులిన్ ఉంటే బండి ఫ్రిజ్‌లో గడ్డకట్టకుండా చూసుకోవాలి. ఇక్కడికి వచ్చేటప్పుడు తీసుకునే ఇన్సూరెన్స్‌లో మారుమూల నుంచి విమానంలో తరలించే ఖర్చు ఉందో లేదో అబ్బాయిని చూడమనండి. 1928లో మొదలైన ఫ్లయింగ్ డాక్టర్ సేవ ఈ ఎడారుల్లో నడుస్తోంది, ఆపదలో డాక్టరో నర్సో విమానంలో వస్తారు. అమ్మగారి కోసం మడిచే టాయిలెట్ కుర్చీ, దాని చుట్టూ కట్టే చిన్న డేరా కొనమనండి. పెద్దవాళ్ళను తీసుకెళ్ళే ప్రతి ఇంటికీ నేను ముందు చెప్పే వస్తువు అదే. బండి పైకప్పు మీద నిచ్చెనెక్కి పడుకునే డేరాలు మీకొద్దు. నేల మీద ఎత్తు మంచం వేయించండి, లేదా మరీలో, విలియం క్రీక్‌లో గది తీసుకోండి.

చూసేదేముందన్నారు. మా నాన్నను తీసుకెళ్ళిన సంగతి చెబుతాను. మాది కదిరి దగ్గర పల్లె. నాన్న శనక్కాయ రైతు. ఐదు బోర్లు వేయించారు, మూడు ఎండిపోయాయి. చివరిది ఏడు వందల అడుగులు. డెబ్భై ఏళ్ళ వయసులో ఇక్కడికొచ్చి, మరీ ఊరు దాటాక ఆ ఎర్ర నేల చూసి "మన పక్కే ఉందే" అన్నారు.

మరీలో మట్టిగోడల చిన్న మసీదు ఉంది, తర్వాత తిరిగి కట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో పంజాబ్, సింధ్, బలూచిస్తాన్, అఫ్గానిస్తాన్ ప్రాంతాల నుంచి ఒంటెలతో వచ్చినవాళ్ళు ఆ ఊళ్ళో ఉండేవారు. రైలు రాకముందు ఈ ఎడారికి సరుకంతా మోసింది వాళ్ళే. తర్వాత వచ్చిన రైలుకు ఘాన్ అనే పేరు కూడా వాళ్ళవల్లే. ఆ పాత రైలుమార్గం 1980లో మూతపడింది, ట్రాక్ పక్కనే దాని వంతెనలు, స్టేషన్లు ఇంకా నిలబడి ఉన్నాయి. నాన్న ఒక్కో స్టేషన్ దగ్గరా దిగి చూశారు.

రాత్రి కౌవర్డ్ స్ప్రింగ్స్ అనే చోట డేరా. ఖర్జూరపు చెట్లు, గోరువెచ్చని ఊటనీళ్ళ చిన్న తొట్టి. భోజనాలయ్యాక నాన్న ధ్రువ నక్షత్రం కోసం వెతికారు. ఇక్కడ అది కనపడదని చెబితే చాలాసేపు ఉత్తరం వైపే చూస్తూ కూర్చున్నారు. తర్వాత తలెత్తితే నడినెత్తిన జ్యేష్ఠ, ఎర్రగా. మనకు దక్షిణాన కిందుగా తిరిగే వృశ్చికం మొత్తం తోకతో సహా తలమీద పరుచుకుని ఉంది. మనవరాలికి ఒక్కో చుక్కా చూపించి పేరు చెప్పారు.

మర్నాడు పొద్దున దగ్గర్లోనే ఉన్న వాబ్మా కడర్బు పార్కుకి వెళ్ళాం. అక్కడ బబ్లర్ అనే ఊట ఉంది. బోడిగుట్ట లాంటి దిబ్బ, దాని నెత్తిన గుండ్రటి చిన్న మడుగు. అడుగున బూడిదరంగు ఇసుక కదలకుండా ఉన్నట్టే ఉండి, ఉన్నట్టుండి ఉబ్బుతుంది, పెద్ద గారెంత బుడగ పైకొచ్చి నెమ్మదిగా విచ్చుకుంటుంది, ఇసుక మళ్ళీ సర్దుకుంటుంది. ఈ దేశం నేలలో ఐదో వంతు కింద పరుచుకున్న నీటి పొర ఇది, గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్. ఎక్కడో దూరాన కురిసిన వాన రాతి పొరల్లో లక్షల ఏళ్ళు ప్రయాణించి, ఒత్తిడికి దానంతటదే ఇక్కడ పైకొస్తుంది. అరబానా ప్రజలకు ఈ ఊటలు తరతరాలుగా పవిత్రం, దిగకూడదు, చెక్కదారి మీంచే చూడాలి. పాత టెలిగ్రాఫ్ లైను, రైలు, ఇప్పుడు మనం వెళ్ళే ట్రాక్, అన్నీ ఈ ఊటల వెంటే నడిచాయి.

నాన్న కటకటా పట్టుకుని వంగి చూస్తూ, "మోటారు లేకుండానే పైకొస్తాండాయే నీళ్ళు" అన్నారు. మేం బండి దగ్గరికి వెళ్ళి, టీ పెట్టి, పిలిచినా రాలేదు. టీ గ్లాసు అక్కడికే తీసుకెళ్ళి ఇచ్చాను. ఒక్కో బుడగ మధ్య ఎంతసేపు పడుతుందో వేళ్ళ మీద లెక్కపెడుతున్నారు. అక్కడికి పొద్దున్నే వెళ్ళమని, ఆ పూటకి ఇంకేమీ పెట్టుకోవద్దని మీ అబ్బాయికి చెప్పండి. చెక్కదారికి మెట్లు తక్కువే, అమ్మగారు చేయి పట్టుకుని నడవగలరు. ఒక మడత కుర్చీ బండిలో వేసుకోండి.